నలభై తీసేస్తే

చెంగయ్య పాలకేంద్రంలో నిలబడితే ఆవులు కూడా భయపడతాయని ఊళ్లో అనుకునేవారు. ఆవుల సంగతేమో గానీ, వాటిని పిండేవాళ్లు మాత్రం నిజంగానే భయపడేవారు. పుంగనూరుకు ఆటోలో పోయే దూరంలో ఉన్న ఆ ఊరికి పాలకేంద్రం వచ్చినప్పటి నుంచీ పాలు పరీక్ష చేసే పని ఆయనదే. పొడుగాటి గ్లాసులో పాలు పోసి, అందులో లాక్టోమీటరు వదిలి, అది తేలినచోట గీత చూసి, నీళ్లు కలిశాయో లేదో తేల్చేసేవాడు. అంతటితో ఆగేవాడు కాదు. అప్పుడే పిండిన వేడిపాలలో లాక్టోమీటరు కాస్త తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఒకటో రెండో కలుపుకోవాలి. చలికాలం తెల్లవారుజామున చల్లారిపోయి వచ్చిన పాలకైతే తీసేయాలి. ఈ కలపడాలూ తీసేయడాలూ ఆయనకు వేలికొసల మీద ఉండేవి. ఏ పరికరాన్నీ ఉన్నదున్నట్టు నమ్మకూడదు, దాని గుణం కనిపెట్టి సరిచేసుకోవాలి అని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. విననివాళ్లకు ఇంకాస్త గట్టిగా చెప్పేవాడు.

నెలకొకసారి పై నుంచి సూపర్వైజరు తనిఖీకి వచ్చేవాడు. ఆ రోజున ఊరందరి పాలూ చిక్కగా ఉండేవి. మరునాటి నుంచి మళ్లీ మామూలే. ఒకసారి కుప్పమ్మ అనే ఆమె అలా దొరికిపోయింది. వరుసలో చెంబులు పట్టుకుని నిలబడ్డ జనమంతా వింటుండగా చెంగయ్య ఆమెను నిలదీశాడు.

"సూపర్వైజరు వచ్చే దినం ఒక ఆవు, మిగతా దినాలు ఇంకో ఆవా కుప్పమ్మా మీ ఇంట్లో?"

జనం నవ్వారు. కుప్పమ్మ తల వంచుకుని చెంబు తీసుకుని వెళ్లిపోయింది. చెంగయ్య ఆ మాటను ఇంటికొచ్చి భార్య గంగులమ్మకు కూడా చెప్పి, ఆమె నవ్వేదాకా ఊరుకోలేదు.

అలాంటి మనిషికి పన్ను నొప్పి వచ్చింది. మదనపల్లెకు పోతే పళ్ల డాక్టరు చేతికి పట్టీ కట్టి చూసి, ఇంత బీపీ పెట్టుకుని పన్ను పీకితే రక్తం ఆగదు, ముందు పెద్ద డాక్టరు దగ్గరికి పో అన్నాడు. పెద్ద డాక్టరు రెండు రకాల మాత్రలు రాసిచ్చి, ఇవి బతికినన్నాళ్లూ వేసుకోవాలి, నెలకొకసారి వచ్చి చూపించుకోవాలి అన్నాడు. పన్నయితే పోయింది. బీపీ మిగిలింది.

ఆ మాత్రల్లో ఒకటి వేసుకున్న గంటకల్లా ఒంటికి పోవలసి వచ్చేది. ఒకసారి కాదు, పదే పదే. అది సరిగ్గా పాలవాళ్లు వరుసగా నిలబడే వేళ. పరీక్ష సగంలో ఆపి కేంద్రం వెనక్కి పరిగెత్తే చెంగయ్యను చూసి జనం మూతులు తిప్పుకోవడం మొదలుపెట్టారు. వరుసలో ఉన్న మల్లప్ప అయితే అందరిలోనూ అనేశాడు, పాలల్లో నీళ్లు పట్టుకునేటోడివి, నీలో నీళ్లు నిలుపుకోలేక పోతాండావే అన్నా, అని. ఊరంతటినీ నవ్వించడం తెలిసిన చెంగయ్యకు ఊరు తనను చూసి నవ్వితే ఏం చేయాలో తెలియలేదు. మరునాటి నుంచి మాత్రలు మానేశాడు.

మానేసినట్టు ఎవరికీ చెప్పలేదు. గంగులమ్మ పొద్దున్నే మాత్రలూ నీళ్లూ తెచ్చి చేతికిస్తే, పాలకేంద్రంలో ఏసుకుంటాలే అని చొక్కా జేబులో వేసుకునేవాడు. దారిలో, పాలకేంద్రంలో ఆయనకు సాయంగా ఉండే దాసప్ప పశువుల కొట్టం పక్కన కాలువ ఉంది. మాత్రలు అందులోకి పోయేవి.

కానీ నెలకొకసారి డాక్టరుకు చూపించుకోవాలి కదా. అందుకని, మదనపల్లెకు పోయే వారం ముందు నుంచి ఒక్కపూట కూడా తప్పకుండా రెండు మాత్రలూ వేసుకునేవాడు. ఆ వారం పాలు చూసే పని దాసప్పకు అప్పజెప్పి ఏదో ఒక సాకు చెప్పేవాడు. డాక్టరు పట్టీ కట్టి చూస్తే నూటముప్పై దాటేది కాదు. ఆయన సంతోషపడి, బయట బెంచీ మీద కూర్చున్న రోగులకు వినబడేలా, ఈయన్ను చూసి నేర్చుకోండయ్యా, మాత్రలు ఎలా వేసుకోవాలో అనేవాడు. చెంగయ్య చేతులు కట్టుకుని వినయంగా నిలబడేవాడు. బస్సు ఎక్కేటప్పుడు కొంచెం సిగ్గుగానే ఉండేది. పుంగనూరులో దిగేసరికి సిగ్గు రాలిపోయి మెప్పు మాత్రం మిగిలేది. కుప్పమ్మను ఏ నోటితో అన్నానో ఆ నోటితోనే మాత్ర మింగుతున్నానని ఆయనకు తోచలేదా అంటే, తోచింది. తోచినప్పుడల్లా వేరే పని ఏదైనా చూసుకునేవాడు.

వాళ్ల కూతురు మాధవిది కుప్పం. అల్లుడు వెంకటేష్ బెంగుళూరుకు రైల్లో పోయి వచ్చి పని చేసుకునేవాడు. ఇంట్లోనే బీపీ చూసుకునే మిషన్లు కొత్తగా దొరుకుతున్న రోజులవి. వెంకటేష్ ఒకటి కొని, మామ కోసమని ఊరికి తెచ్చాడు. మంచం మీద కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి మీట నొక్కితే, పట్టీ బుస్సున ఉబ్బి, మెల్లగా దిగి, అంకెలు పడ్డాయి. నూటడెబ్బైరెండు.

డాక్టరు నూటముప్పై అన్నాడంటివే అని మాధవి అడిగింది. తర్వాత, కొంచెం గొంతు తగ్గించి, మాత్రలు సరిగా వేసుకుంటున్నావా నాయనా అంది. చెంగయ్య నోరు తెరిచేలోపల గంగులమ్మ అందుకుంది.

"అదేం మాటే. దినామూ నా చేత్తో ఇస్తాండాను. మీ నాయన ఒక్క దినం తప్పలే. నా మీద ఒట్టు."

అల్లుడు పక్కనే ఉన్నాడు. భార్య తన మీదే ఒట్టు వేసుకుంది. మాత్రలు కాలువలో పారేస్తున్నానని అల్లుడి ముందు ఒప్పుకునేంత గుండె చెంగయ్యకు లేదు. గంగులమ్మ ఒట్టు అబద్ధం చేసేంత గుండె అసలే లేదు. అందుకని మిషన్ వైపు చూసి, కొత్త లాక్టోమీటరు వచ్చినా మేం ముందు సరిచూసుకుంటాం, ఇది సరిచూడకుండా వచ్చిన సరుకు అన్నాడు. పాలకేంద్రంలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు కాబట్టి అందరికీ నమ్మకంగా వినిపించింది.

మాధవి మాత్రం, ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఇది కూడా తీసుకుపోయి పక్కపక్కన పెట్టి చూపించుకో నాయనా అని చెప్పి వెళ్లింది. ఆ రోజు రాగానే చెంగయ్య మిషన్‌ను గంగులమ్మ చూడకుండా ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి, పైన దుప్పట్లు పరిచి, బస్సెక్కాడు. వారం నుంచి మాత్రలు వేసుకుంటున్నాడు కనక డాక్టరు దగ్గర మళ్లీ నూటముప్పైయే. మదనపల్లె బస్టాండులో టెలిఫోను బూత్ నుంచి కూతురికి ఫోన్ చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశారనీ, మన మిషన్ నలభై ఎక్కువ చూపిస్తోందనీ చెప్పాడు. ఎంత ఎక్కువో ఆమె అడగలేదు. అయినా అంకె చెప్పాడు. అంకె ఉంటే మాటకు బరువు వస్తుందని ముప్పై ఏళ్లుగా పాలు కొలిచిన మనిషికి ఒకరు నేర్పాలా?

అలా నలభై పుట్టింది. చెంగయ్య ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పగా చెప్పగా అది ఆయనకే నిజమైపోయింది. ఆ మిషన్ గుణమే అంత, నలభై తీసేసుకోవాలి, అంతే. ఎవరైనా కొత్తగా వచ్చి అడిగితే అదెందుకలా చూపిస్తుందో వివరంగా కూడా చెప్పేవాడు. పట్టీ బిగువు వల్లనట, బ్యాటరీ వల్లనట.

గంగులమ్మ తన సంగతి తాను ఎప్పుడూ చూసుకున్న మనిషి కాదు. ఆ ఏడు వేసవి మొదలయ్యేసరికి పొద్దున లేస్తూనే మెడ వెనక పట్టేసినట్టు ఉంటోందని అనడం మొదలుపెట్టింది. నీళ్లబిందె ఎత్తితే తల దిమ్మెక్కుతోందని అంది. ఒకరోజు పనులన్నీ అయ్యాక వచ్చి మంచం మీద కూర్చుని, ఆ మిషన్ నాకూ ఒకసారి కట్టప్పా అని చెయ్యి చాచింది. ఆమె చెయ్యి చాచి ఏదైనా అడగడం తక్కువ. చెంగయ్య మిషన్ తీసి కట్టాడు.

నూటఎనభైఎనిమిది.

ఆ క్షణంలో ఆయనకు తెలుసు. తర్వాత ఎంతగా తెలియదనుకున్నా, ఆ క్షణంలో మాత్రం స్పష్టంగా తెలుసు. నలభై అన్నది తాను బస్టాండులో నిలబడి అల్లిన అంకె. మిషన్‌కు ఏ తప్పూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ముందు నలభై సంగతి చెప్పాలి. నలభై సంగతి చెప్పాలంటే కాలువ సంగతి చెప్పాలి. కాలువ సంగతి చెబితే, అల్లుడి ముందు ఆమె తన మీద వేసుకున్న ఒట్టు ఏమవుతుంది? ఆమె ముఖం ఎలా చూడాలి? ఇంత ఆలోచనా పట్టీ విప్పేలోపలే అయిపోయింది.

"నలభై తీసేస్తే నూటనలభైఎనిమిది. నీ వయసుకు అది మామూలే," అన్నాడు.

అట్లనా, అని గంగులమ్మ పైట సరిచేసుకుని లేచింది. ఆమె ముఖంలో నిశ్చింత కనిపించింది. చెంగయ్య పట్టీ చుట్టి మిషన్ లోపల పెట్టేశాడు. కుప్పంలో గంగ జాతర అయిపోగానే మదనపల్లెకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాలి, అక్కడ వాళ్లే చూసి మాత్రలు ఇస్తారు, నలభై ఊసే రాదు, అనుకున్నాడు. జాతరకు ఇంకెన్నాళ్లో లేదు. అంతలో ఏమవుతుంది? సిగ్గు పడలేనివాడు ఎప్పుడూ ఇలాగే ఒక తేదీ చూసుకుంటాడు.

ఆ తర్వాత ఆమె ఇంకా రెండు మూడుసార్లు చూపించుకుంది. చివరిసారి అంకె పడగానే తానే నవ్వుతూ, నలభై తీసేస్తే ఎంతప్పా అని అడిగింది. లెక్క ఆమెకు రాదని కాదు. ఆయన నోట వినాలని అడిగింది. ఆయన చెప్పాడు.

కుప్పం గంగ జాతరకు రమ్మని మాధవి ఫోన్ చేసింది. వచ్చేటప్పుడు మిషన్ తెమ్మంది. తప్పుడు సరుకు అంటగట్టిన అంగడివాడికి తిరిగిచ్చి వేరేది తెస్తానని వెంకటేష్ అంటున్నాడట. అంగడివాడు పరీక్షించి బాగానే ఉందంటే? మరిచిపోయినట్టు ఇంట్లో వదిలేద్దామని చెంగయ్య అనుకున్నాడు, గంగులమ్మ ముందే సంచిలో సర్దేసింది. పోనీ బస్సులో వదిలేద్దామనుకున్నాడు, పుంగనూరు నుంచి కుప్పం దాకా ఆమె ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు. అల్లుడు తన కష్టంతో కొన్న వస్తువు కదా అంది.

జాతర రోజు పొద్దున మాధవి వంటింట్లో గంగులమ్మ కూరలోకి ఎర్రగడ్డలు తరుగుతోంది. చేతిలోని కత్తి జారి కింద పడింది. ఆమె వంగి తీయబోయింది, చెయ్యి పోలేదు. ఇదేందే అని మాధవిని పిలిచింది గానీ మాట ముద్దగా వచ్చింది. మాధవి తిరిగి చూసేసరికి తల్లి మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. వీధి చివర డప్పులు మోగుతున్నాయి. జనంలోంచి ఆటో కదలడానికి వెంకటేష్ దిగి ముందు నడుస్తూ దారి చేశాడు. చెంగయ్య ఆటోలో భార్య తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో బీపీ చూసి డాక్టరు రెండువందల ఇరవై అన్నాడు. తలలో నరం దెబ్బతిందనీ, కుడిపక్క పడిపోయిందనీ, ప్రాణానికి ఇప్పుడప్పుడే భయం లేదు గానీ చెయ్యి ఎంతవరకు వస్తుందో చెప్పలేమనీ అన్నాడు. ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు, చాలా నెలలుగా ఉండి ఉంటుంది, ఇంట్లో ఎవరూ చూడలేదా అని అడిగాడు. మాధవి ఏడుపు దిగమింగుకుని, మా ఇంట్లో మిషన్ కూడా ఉంది సార్, కాని అది చెడిపోయింది, ఎక్కువ చూపిస్తుంది అంది. వెంకటేష్‌కు రోషం వచ్చింది. తాను కొన్న వస్తువు వల్ల ఇంత జరిగిందా అని ఇంటికి పోయి ఆ మిషన్ తెచ్చి నర్సు చేతిలో పెట్టాడు.

గంగులమ్మ మంచం మీద కళ్లు తెరుచుకునే ఉంది. నర్సు ఆమె ఎడమచేతికి ముందు ఆసుపత్రి పట్టీ కట్టి చూసింది. తర్వాత ఈ మిషన్ కట్టి చూసింది. రెండింటికీ రెండంకెల తేడా కూడా లేదు. మిషన్ బాగానే ఉండాదప్పా, ఎవరు చెప్పినారు చెడిపోయిందని, అని నర్సు దాన్ని చుట్టి బల్ల మీద పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెకు ఇంకా చాలామందిని చూడాల్సి ఉంది.

మాధవి తండ్రి వైపు తిరిగింది. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చచ్చుబడ్డ భార్య కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉన్నాడు. నలభై ఎక్కువ చూపిస్తుందని డాక్టరే చూసి చెప్పాడంటివే నాయనా అని అడిగింది. అడిగిన తీరులో కోపం లేదు. అర్థంకాక అడుగుతోంది. అందుకే దానికి జవాబు చెప్పడం ఇంకా కష్టమైంది. చెంగయ్య నేల వైపు చూశాడు. తల్లీకూతుళ్లిద్దరూ తనవైపే చూస్తున్నారని చూడకుండానే తెలిసింది.

అప్పుడు గంగులమ్మ మాట్లాడింది. ఒక్కో మాటా వంకరపోయిన నోట్లోంచి తోసుకుంటూ వచ్చింది.

"మీ నాయన్ను... ఏమనొద్దు. ఆసుపత్రికి పోదామనె. నేనే... జాతర కానీ... అంటి."

ఆయన పోదామని ఎన్నడూ అనలేదు. ఆమె కాదని ఎన్నడూ అనలేదు. మిషన్ విషయంలో ఆయన ఏదో పొరబడ్డాడని, కూతురి ముందర, అల్లుడి ముందర మొగుడి పరువు పోకూడదని, ఉన్న కాస్త నోటితో ఆమె అబద్ధం ఆడుతోంది. మాధవికి ఇప్పుడు కోపం వచ్చింది. కోపం రావడానికి ఒక చోటు దొరికింది కాబట్టి ఆగలేదు. నీకు ఎప్పుడూ ఇంతే, నీ ఒళ్లు నీకు లెక్కలేదు, ఒకరు చెబితే వినవు, ఇప్పుడు చూడు ఏం తెచ్చుకున్నావో అని ఏడుస్తూ తల్లిని తిట్టింది. గంగులమ్మ ఎడమకంటి కొస నుంచి నీళ్లు కారుతున్నాయి గానీ, అవును అన్నట్టు తల ఆడించింది.

చెంగయ్య ఊరుకుని ఉండొచ్చు. నలభై సంగతి ఇక్కడితో సమాధి అయిపోయేది. తాను వట్టి పొరబడిన మొగుడుగా, చెబితే వినని మొండి భార్యకు సేవ చేసుకుంటున్న మంచివాడుగా, మిగిలిన కాలమంతా గడిపేయొచ్చు. కొన్ని క్షణాలు ఊరుకున్నాడు కూడా. ఆ ఊరుకున్న క్షణాల్లో ఆయనకు తన మీద తనకు కలిగినంత అసహ్యం ఎన్నడూ ఎవరి మీదా కలగలేదు. కూతురు తిడుతూనే ఉంది. పడిపోయిన మనిషి తల ఆడిస్తూనే ఉంది. ఇక ఆయన వల్ల కాలేదు.

"మాధవీ, మీ యమ్మను అనొద్దు," అన్నాడు. "పోదామని నేను అన్లే. మిషన్ బాగుండాదని నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి దాన్ని తీస్కపోనే లేదు. నలభై నేను చెప్పిన అబద్ధం."

ఎందుకు అని మాధవి అడిగిందో లేదో ఆయనకు వినిపించలేదు. అడిగినట్టే చెప్పుకుపోయాడు. మాత్రలు కాలువలో పారేసింది, డాక్టరు దగ్గరికి పోయే వారం మాత్రమే మింగింది, అల్లుడి ముందర గంగులమ్మ ఒట్టు వేస్తే తాను నోరు మూసుకుని కూర్చున్నది. అన్నీ చెప్పాడు. ఆమెకు ఎక్కువ ఉందని మొదటిసారి చూసినప్పుడే తెలుసని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పకుండా కూడా ముగించవచ్చు. చెప్పాడు. నా సిగ్గు నేను కాపాడుకున్నాను అమ్మా అన్నాడు. వెంకటేష్ మెల్లగా గది బయటికి నడిచాడు. మాధవి తల్లి కాళ్ల దగ్గర మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది.

చెంగయ్య తలెత్తి భార్య ముఖం చూశాడు. ఆమె ఆయన్నే చూస్తోంది. తెలియని మనిషిని చూస్తున్నట్టు కాదు, ఇప్పుడే బాగా తెలిసిన మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆయన్ను తిట్టిందీ ఉంది, అలిగిందీ ఉంది. ఇలా చూడడం మాత్రం ఎప్పుడూ లేదు. ఏమైనా అనవే, అన్నాడు ఆయన.

ఆమె కుడిచెయ్యి ఇంకా ఆయన చేతుల మధ్యే ఉంది. దాన్ని వెనక్కి తీసుకునే శక్తి దానికి లేదు. గంగులమ్మ ఎడమచేతిని మెల్లగా ఎత్తి, ఒంటి మీదుగా ఇవతలికి చాపి, ఆ పడిపోయిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. ఒకసారి లాగితే రాలేదు. మళ్లీ లాగి, ఆయన చేతుల్లోంచి దాన్ని తీసుకుని తన గుండెల మీద పెట్టుకుంది. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుంది.